‘ఉమర్ హో గయీ నా!’

ఎనభై ఐదు దాటిన మనిషికి రాత్రిపూట హఠాత్తుగా తబియత్ ఖరాబైతే మన ఇళ్ళల్లో వినపడే మాట ఒకటే. చూడ్డానికొచ్చిన చుట్టం “ఉమర్ హో గయీ నా” అంటాడు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు “ఈ వయసులో ఇంకేం చేస్తామండీ” అంటాడు. మసీదు అరుగు మీద పెద్దమనిషి “అల్లా బులా రహే, సబర్ కరో” అంటాడు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ ముగ్గురి మాటకీ అర్థం ఒకటే: ఇక ఈ మనిషిని పరీక్ష చేసి చూడనక్కర్లేదు అని. నా జగడం ఆ అర్థంతోనే.

పెద్దవాళ్ళకి ఇజ్జత్ ఇవ్వడంలో మనం ఎవరికీ తీసిపోం. బుజుర్గులు గదిలోకొస్తే లేచి నిలబడతాం. ఈద్ నాడు మొదటి సలాం వాళ్ళకే. ముసలితనానికి చేరిన తల్లిదండ్రుల ముందు ‘ఉఫ్’ అని కూడా అనొద్దని బనీ ఇస్రాయీల్ సూరాలో ఉన్న హుకుంని అలీఫ్ బే నేర్చుకునే వయసులోనే పిల్లలకి చెబుతాం. అదే బుజుర్గ్‌ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టేసరికి ఆయన పేరు పోతుంది, ఆయన చేసిన పనులు పోతాయి, వయసొక్కటే మిగులుతుంది. ‘ఉఫ్’ అనలేదు కాబట్టి మన ఫర్జ్ తీరిపోయిందనుకుంటాం.

ఈ ‘ఉమర్’ మాటకి మనవాళ్ళు ఒక హదీసుని కూడా తోడు తెచ్చుకుంటారు. ఇలాజ్ చేయించుకోవచ్చా అని పల్లె అరబ్బులు వచ్చి అడిగినప్పుడు, చేయించుకోమని, ప్రతి మర్జ్‌కీ అల్లా దవా ఉంచాడని, దవా లేనిది ముసలితనం ఒక్కటేనని రసూలుల్లా (స) చెప్పినట్టు అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. మన బైఠకుల్లో ఆ చివరి ముక్క మాత్రమే తిరుగుతూ ఉంటుంది: ముసలితనానికి దవా లేదు, నబీయే అన్నారు, ఇంక డాక్టరెందుకు?

అయ్యా, హదీసు మొదలైంది ఇలాజ్ చేయించుకోమనే హుకుంతో. ఆ హుకుం వయసు అడిగి ఇచ్చింది కాదు. జయీఫీకి దవా లేదన్నది నిజం; తొంభై ఏళ్ళ మనిషిని అరవైకి దించే మాత్ర దునియాలో లేదు. కానీ నిమోనియా జయీఫీ కాదు. మూత్రం బిగదీసుకుపోవడం జయీఫీ కాదు. ఒంట్లో ఉప్పు పడిపోవడం, చక్కెర పడిపోవడం, తుంటి ఎముక విరగడం ఇవేవీ జయీఫీ కావు. ఇవి మర్జ్‌లు, వీటికి దవా ఉంది. ఏది మర్జో ఏది జయీఫీయో తేల్చేది ఈసీజీ, రక్తపరీక్ష, నాడి పట్టుకునే చెయ్యి. అవి చేయకముందే ‘ఉమర్’ అనేసేవాడు హదీసుని సగం చదివినవాడు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే. వయసు మీదపడ్డ ఒంట్లో జబ్బు వేషం మార్చుకుని వస్తుంది. కుర్రాడికి నిమోనియా అయితే ఒళ్ళు కాలిపోతుంది, దగ్గు ఊపేస్తుంది. తొంభై ఏళ్ళ నానీకి జ్వరమే ఉండకపోవచ్చు. రెండు రోజులుగా ముద్ద ముట్టదు, కూర్చున్నచోటే జోగుతుంది, మగ్రిబ్ చదివి మళ్ళీ మగ్రిబ్‌కి నిలబడుతుంది. ఇంట్లోవాళ్ళు “దిమాగ్ పోయింది పాపం” అంటారు. నిన్నటిదాకా మనవళ్ళ పేర్లన్నీ తప్పులేకుండా చెప్పిన మనిషికి ఒక్క రాత్రిలో దిమాగ్ పోదు. అలా పోయినట్టు కనిపిస్తే లోపల ఏదో మర్జ్ ఉన్నట్టు. దాన్ని వెతకాలి.

గుండెపోటు సంగతీ అంతే. ఛాతీ పట్టుకుని కూలిపోవడం సినిమాల్లో చూశాం. బాగా పెద్దవాళ్ళలో చాలామందికి ఛాతీ నొప్పే రాదు. ఆయాసం, చెమట, వాంతి, కాళ్ళలో సత్తువ లేకపోవడం, అంతే. మన పెద్దవాళ్ళు దాన్ని ‘గబ్రాహట్’ అంటారు, ‘బేచైనీ’ అంటారు, ‘జీ అచ్ఛా నై’ అంటారు. తెలుగు తప్ప రాని నర్సమ్మకి గబ్రాహట్ అంటే కంగారుపడుతోందని చెబుతారు పక్కవాళ్ళు. ఆమె “భయపడకమ్మా” అని భుజం తట్టి వెళ్ళిపోతుంది. అక్కడ జరగాల్సింది ఈసీజీ. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే మనం ఆ ఒక్క మాటకి సరైన తర్జుమా చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

రంజాన్‌లో షుగర్ మాత్ర వేసుకుని రోజా ఉన్న దాదాకి అసర్ వేళ మాట తడబడితే ఫాలిజ్ కొట్టిందని గొల్లుమంటారు. వేలికి సూది గుచ్చి చక్కెర చూస్తే ఒక్క నిమిషంలో సంగతి తేలుతుంది. రోజా ఉండలేని జయీఫ్‌కి ఫిద్యా రుఖ్సత్ ఉంది కదా అని ఆయనకి చెప్పినవాళ్ళు లేకపోలేదు. ఆయన వినడు. అది వేరే జగడం.

బాత్‌రూంలో జారిపడి తుంటి విరిగిన దాదీ కథ మీలో చాలామంది ఇళ్ళల్లో జరిగే ఉంటుంది. “ఈ వయసులో ఆపరేషన్ ఏం తట్టుకుంటుంది, నాటు కట్టు కట్టించి పడుకోబెడదాం” అంటారు. రహం అనుకునే చేస్తారు. కానీ తుంటి విరిగిన పెద్దమనిషిని కదలకుండా మంచానికి అప్పగిస్తే వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్ళలో రక్తం గడ్డలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. గుండె, ఊపిరి మరీ దెబ్బతిని ఉంటే తప్ప, ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేసి లేపి కూర్చోబెట్టాలన్నది ప్రపంచమంతా ఎముకల డాక్టర్లు ఒప్పుకున్న సంగతి. నడిపించడం కోసమే కాదు, నొప్పి తగ్గించడానికీ అదే దారి. విరిగిన తుంటితో మంచం మీద పక్కకి తిప్పినప్పుడల్లా ఆమె పెట్టే కేక విన్నవాళ్ళెవరూ దాన్ని రహం అనరు.

మా ఫుప్పూ కథ చెబుతాను. అప్పటికి ఆమెకి 86. బీపీకి వేసుకునే మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయించేది ఒకటుంది. మూడు రోజులు వాంతులయ్యాయి, మాత్రలు మాత్రం మానలేదు. నాలుగో రోజు మత్తులోకి జారిపోయి, ఇరవై ఏళ్ళ కిందట పోయిన మా ఫుప్పాతో మాట్లాడడం మొదలుపెట్టింది. పోయినవాళ్ళు కనిపిస్తున్నారంటే బులావా వచ్చినట్టేనని ఇంట్లో యాసీన్ చదవడం మొదలైంది. ఒకాయన వెళ్ళి కఫన్ గుడ్డ కూడా తెచ్చాడు. ఎందుకైనా మంచిదని ఊళ్ళో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు చెయ్యి కూడా పట్టుకోకుండా వయసడిగాడు. చెప్పాం. “తీసుకెళ్ళిపోండి, ఇంట్లో ప్రశాంతంగా ఉంచండి” అన్నాడు.

ఫుప్పూ మనవరాలు ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. ఆ పిల్ల కదల్లేదు. రక్తం తీయందే మా దాదీని ఇక్కణ్ణుంచి దించనని స్ట్రెచర్ పట్టుకుని నిలబడింది. పరీక్షలో సోడియం 112 వచ్చింది. 135 ఉండాలి. వేరే ఆస్పత్రికి మార్చాం. అక్కడి డాక్టరు ఉప్పు సలైన్ చాలా నెమ్మదిగా ఎక్కించాడు, తొందరపడి ఎక్కిస్తే మెదడుకి చేటని చెప్పి మరీ. ఆ మాత్ర మాన్పించాడు. మూడో రోజు ఫుప్పూ కళ్ళు తెరిచి చాయ్ అడిగింది. ఐదో రోజు ఇంటికొచ్చి తన అల్మారా తాళాలు ఎవరు తీశారని అందర్నీ నిలదీసింది. తెచ్చిన కఫన్ గుడ్డని ట్రంకుపెట్టెలో ఆమే మడిచి పెట్టుకుంది, “కామ్ ఆయేగా” అని నవ్వుతూ. ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. ఇద్దరు మునిమనవళ్ళ అఖీఖా చూసింది. ఆ మూడేళ్ళనీ ‘ఉమర్’ అనే ఒక్క మాట మింగేసి ఉండేది.

అలా తిప్పి పంపడం తప్పని నేను అనడం కాదు, ఈ దేశపు ఖానూన్ అంటోంది. హకీం షేక్ అనే కూలీ 1992 జులైలో బెంగాల్‌లో రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలించుకున్నాడు. కలకత్తాలో ఒక సర్కారీ దవాఖానా నుంచి ఇంకోదానికి తిప్పారు. మంచం లేదన్నారు, సౌకర్యం లేదన్నారు. చివరికి ప్రైవేటులో చేరి సొంత డబ్బుతో వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. ఆ కేసులో 1996 మే నెలలో సుప్రీంకోర్టు, ఆపదలో ఉన్న మనిషికి సర్కారీ ఆస్పత్రి చికిత్స ఇవ్వకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమేనని తేల్చి, అతనికి 25 వేలు ఇప్పించింది. హకీం షేక్ ముసలివాడు కాడు. కానీ ఆ తీర్పులో వయసు హద్దు కూడా లేదు. తల్లిదండ్రుల పోషణ, వృద్ధుల సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం 20వ సెక్షన్ అయితే, సర్కారు ఆస్పత్రులు వృద్ధులకి వీలైనంతవరకు మంచాలు ఇవ్వాలని, వాళ్ళకి వేరే లైను ఉండాలని రాసే ఉంచింది. 2010లో మొదలైన కేంద్ర పథకం జిల్లా ఆస్పత్రిలో వృద్ధులకి పది మంచాల వార్డు ఉండాలంది. మీ జిల్లా ఆస్పత్రిలో ఆ వార్డు ఎక్కడుందో అడిగి చూడండి. ఉంటే, దాని తాళం ఎవరి దగ్గరుందో కూడా అడగండి.

డెబ్బై దాటినవాళ్ళందరికీ ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తామని 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. షాదీ కార్డుల కోసం నాలుగు ఊళ్ళు తిరిగే మనం, ఇంట్లో దాదా ఆధార్ తీసుకుని మీ సేవకో సచివాలయానికో ఎన్నిసార్లు వెళ్ళాం?

డాక్టర్ల పక్షాన ఒక జవాబు వస్తుంది, అది న్యాయమైనదే. మంచాలు తక్కువ, పాతికేళ్ళ కుర్రాడు యాక్సిడెంటై వస్తే ఎవర్ని ముందు చూడాలి? ఎవరి ప్రాణం ముందు పోయేలా ఉందో, ఎవరికి చికిత్స పనిచేస్తుందో వాళ్ళని. దాన్ని నేను కాదనను. 2020 మార్చిలో ఇటలీలో కోవిడ్ ముంచెత్తినప్పుడు అక్కడి మత్తు డాక్టర్ల సంఘం, ఐసీయూలోకి తీసుకోవడానికి వయసు హద్దు పెట్టుకోవాల్సి రావచ్చని రాసింది. అది ప్రళయంలాంటి రోజుల మాట. మామూలు మంగళవారం రాత్రి మన ఊరి క్యాజువాలిటీలో ఒక సోడియం పరీక్ష, ఒక ఈసీజీ, వేలి మీద ఒక సూది ఏ కుర్రాడి మంచాన్నీ లాక్కోవు.

వయసు లెక్కే వద్దంటే మరి దేన్ని చూడాలి? కెనడాలో కెనెత్ రాక్‌వుడ్ అనే వృద్ధుల డాక్టరు, తన సహచరులతో కలిసి 2005లో ఒక కొలత ఇచ్చాడు. ఇప్పుడది ఒకటి నుంచి తొమ్మిది మెట్లు. రోజూ నడిచి తన పనులు తాను చేసుకునేవాళ్ళు మొదటి మెట్లలో, అన్నిటికీ ఇంకొకరి మీద ఆధారపడినవాళ్ళు పై మెట్లలో, ఎక్కువకాలం బతకరని తేలినవాళ్ళు చివరి మెట్టులో. అందులో అసలు కిటుకు ఇది: స్ట్రెచర్ మీద ఎలా ఉన్నారో చూసి మెట్టు చెప్పకూడదు, జబ్బు పడకముందు, రెండు వారాల కిందట ఎలా ఉన్నారో అడగాలి. స్ట్రెచర్ మీద పడుకుంటే పహిల్వాన్ కూడా జయీఫ్‌లాగే కనిపిస్తాడు. పదిహేను రోజుల కిందట జుమాకి నడిచి వెళ్ళిన తొంభై ఏళ్ళ ఆయన వేరు, రెండేళ్ళుగా మంచం దిగని డెబ్బై ఏళ్ళ ఆయన వేరు. ఆ సంగతి డాక్టరుకి తెలియదు. మనకి తెలుసు. “కొంచెం పెద్దాయన సార్, చూడండి” అని గొణగకుండా, “ఈయన మొన్న శుక్రవారం మసీదుకి నడిచి వెళ్ళాడు, నిన్నటి నుంచి మాట తేడాగా ఉంది” అని చెప్పండి. డాక్టరు చూసే చూపు మారుతుంది.

ఇక్కడిదాకా చదివి, “అంటే ఇల్లు వాకిలి అమ్మైనా సరే అన్నీ చేయించాలన్నమాట” అనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో నా జగడం ఇంకా పెద్దది.

కడప నుంచి కువైట్ వెళ్ళిన కొడుకు, పాతబస్తీ నుంచి జిద్దా వెళ్ళిన కొడుకు ఫోన్ చేసి అనే మాట ఉంది. “పైసా ఎంతైనా పర్వాలేదు, నేను వచ్చేదాకా ఆపండి.” ఆపమంటున్నది మౌత్‌ని. ఆ మాట వెనక ముహబ్బత్ ఉంది, కాదనను. పదేళ్ళు ఖిద్మత్ చేయలేకపోయానన్న బాధ ఉంది. ‘అమ్మీకి వెంటిలేటర్ కూడా పెట్టించలేదట’ అని బిరాదరీ అనుకుంటుందన్న భయం కూడా ఉంది. ఆ బాధకీ భయానికీ మూల్యం చెల్లించేది మాత్రం మంచం మీదున్న మనిషి.

అదే ఫుప్పూకి 89వ ఏట పెద్ద ఫాలిజ్ కొట్టింది. ఈసారి పరీక్షలన్నీ అయ్యాయి, తలకి స్కానింగ్ అయింది, మెదడులో సగానికి పైగా దెబ్బతిందని, మింగడం, మాట్లాడడం తిరిగి రావని డాక్టరు సాఫ్‌గా చెప్పాడు. ఫుప్పూ మంచిగా ఉన్నప్పుడే పది మందిలో అనేది, “మెషీనాఁ నక్కో, మేరే ఘర్ మే కలిమా పడ్తే జానా.” అందరం విన్నాం. కువైట్ కొడుకు ఫోన్‌లో ఏడ్చాడు. ఇక్కడున్న ఎవరికీ అతనికి కాదని చెప్పే హిమ్మత్ లేకపోయింది. గొంతులోకి గొట్టం దించారు. ఒకవైపు చెయ్యి ఇంకా కదులుతోంది, దాంతో ఆమె గొట్టం లాగేస్తోందని ఆ చేతిని మంచం కమ్మీకి గాజుగుడ్డతో కట్టేశారు. పరాయి మగమనిషి ముందు పైట జారనివ్వని మనిషి ఒంటి మీద వెనక ముడివేసే చిన్న గౌను. రోజుకి పది నిమిషాలు ఒక్కరే లోపలికి. తొమ్మిది రోజులు. చివరి గంటలో ఆమె పక్కన ఉన్నది ఒక మెషీను, దాని బీప్ బీప్ చప్పుడు. తల్ఖీన్ చేసేవాళ్ళు లేరు, నోట్లో జమ్‌జమ్ చుక్క పోసేవాళ్ళు లేరు. ట్రంకుపెట్టెలో మడిచి పెట్టుకున్న ఆ గుడ్డ అప్పుడు పనికొచ్చింది.

మూడేళ్ళ కిందట ఆమెని చూడకుండా పొమ్మన్నవాడూ, ఇప్పుడు ఆమె మాట వినకుండా గొట్టం దించినవాళ్ళూ చేసింది ఒకటే తప్పు. ఇద్దరూ మంచం మీదున్న మనిషిని అడగలేదు. ఒకరు వయసుని చూశారు, ఇంకొకరు బిరాదరీని చూశారు.

బలవంతపు ఇలాజ్ గురించి మన నబీ (స) చివరి జబ్బులోనే ఒక వాఖియా ఉంది. బుఖారీలో ఆయెషా (ర) చెప్పిన రివాయత్. ఆయన స్పృహ తప్పుతూ ఉంటే ఇంట్లోవాళ్ళు నోట్లో మందు పోయబోయారు. వద్దని సైగ చేశారు. రోగులకి మందంటే పడదులే అనుకుని పోసేశారు. తెలివి వచ్చాక నేను వద్దనలేదా అని గట్టిగా అడిగారు, ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ అదే మందు పోయించారు, అప్పుడు అక్కడ లేని అబ్బాస్ (ర)కి తప్ప. దీన్ని సీరత్ జల్సాల్లో చెప్పేవాళ్ళు తక్కువ. ఐసీయూ బయట కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టేముందు ప్రతి కొడుకూ వినాల్సిన వాఖియా ఇది. ప్రేమతో చేసినా సరే, వద్దన్న మనిషి నోట్లో మందు పోయడం ఆయనకి నచ్చలేదు.

“మెషీను పెట్టకపోతే మనమే చంపినట్టు, ఖుద్‌కుషీతో సమానం” అని ఒక ఫత్వా మన గల్లీల్లో తిరుగుతూ ఉంటుంది. ఎవరిచ్చారో ఎవరూ చెప్పరు. మన హనఫీ ఫిఖ్హ్ పెద్ద గ్రంథం ఫతావా ఆలంగీరీ అన్నం మానేసి చనిపోవడానికీ, మందు మానేసి చనిపోవడానికీ తేడా పెట్టింది. మొదటిది గునా, రెండోది గునా కాదు, ఎందుకంటే అన్నం ఆకలి తీరుస్తుందన్నది యఖీన్, మందు జబ్బు తీరుస్తుందన్నది గుమాన్. 1986లో అమ్మాన్‌లో కూర్చున్న ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, మెదడు పూర్తిగా, తిరిగి రాకుండా ఆగిపోయిందని డాక్టర్లు తేల్చాక మెషీను తీసేయవచ్చని ఒప్పుకుంది. హిజ్రీ 1409లో సౌదీ ఫత్వా కమిటీ, ఇక లాభం లేదని నమ్మకమైన ముగ్గురు డాక్టర్లు చెబితే, ఆగిన గుండెని మళ్ళీ కొట్టించే ప్రయత్నం చేయనక్కర్లేదంది. మెదడు ఇంకా బతికి ఉన్న మనిషికి పెట్టిన వెంటిలేటర్ తీయడంలో ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, దాన్ని దాచను. అందుకే పెట్టేముందే ఆలోచించమంటున్నాను. పెట్టాక తీయడం ఖానూన్‌లోనూ కష్టం, మనసుకీ కష్టం. ఇంకొకటి, సూదేసి ప్రాణం తీయడం దీన్‌లో హరామ్, దేశంలో జుర్మ్. దాని గురించి ఇక్కడ మాటే లేదు. నొప్పికీ ఆయాసానికీ కొలత ప్రకారం ఇచ్చే మార్ఫిన్ ఆ సూది కాదు. ఆస్పత్రుల్లో మార్ఫిన్ దొరకడం సులువు చేయడానికే 2014లో చట్టం మార్చారు.

పైసలైపోయాక ఏం జరుగుతుందో కూడా చూడండి. జేవర్ కుదువ పెడతారు, వడ్డీకి తెస్తారు. సూద్ హరామ్ అని ఆ రోజు ఎవరికీ గుర్తు రాదు. అవీ అయిపోయాక ‘డాక్టర్ల సలహాకి విరుద్ధంగా తీసుకెళ్తున్నాం’ అనే కాగితం మీద వేలిముద్ర. అంబులెన్సులో చేత్తో గాలి తిత్తి నొక్కుకుంటూ ఇంటి గడప దాకా తెస్తారు. గొట్టం తీస్తారు. నొప్పికి మందు ఉండదు, ఆయాసానికి మందు ఉండదు, చెప్పే డాక్టరు ఉండడు. ఇంటి మధ్యలో మనిషి గిలగిల కొట్టుకుంటూ పోతుంటే పిల్లలు చూస్తారు. ఈ దేశంలో ఎంతోమంది పెద్దవాళ్ళ ఆఖరి గంట ఇలాగే గడుస్తోంది. ఆస్పత్రికి ఆ కాగితం ఉంది కాబట్టి జవాబుదారీ లేదు.

దీనికి దారి ఖానూన్ చూపించింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, బాగయ్యే ఆశ లేని దశలో ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. మొదట పెట్టిన షరతులు మరీ కష్టంగా ఉంటే 2023 జనవరిలో తేలిక చేసింది. హోష్‌లో ఉండగా, ఎవరి జబర్‌దస్తీ లేకుండా రాయాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి, నోటరీయో గెజిటెడ్ ఆఫీసరో సంతకం పెట్టాలి, తన తరఫున మాట్లాడేవాళ్ళ పేర్లు అందులో ఉండాలి. రాయని వాళ్ళ విషయంలో కూడా ఆస్పత్రిలో డాక్టర్ల బోర్డు, దానిపైన ఇంకో బోర్డు కూర్చుని, ఇంటివాళ్ళ రజామందీతో మెషీను ఆపే పద్ధతి ఉంది. బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో మాట చెప్పాలి. కాబట్టి వేలిముద్ర వేసి పారిపోయి రావాల్సిన పని లేదు. “సుప్రీంకోర్టు చెప్పిన బోర్డు వేయండి, అమ్మీకి నొప్పి లేకుండా చూడండి” అని అడగవచ్చు. కొన్ని ఆస్పత్రులు మొహం చిట్లిస్తాయి. అడగండి.

మనది వసీయత్ రాయమన్న దీన్. ఆస్తికి వసీయత్ ఉందో లేదో చివరి రోజున వెతుకుతాం, ఒంటికి వసీయత్ గురించి బతికుండగా మాట్లాడితే బద్‌షగున్ అంటాం. మాట్లాడేది ఆస్పత్రి వరండాలో కాదు, ఆదివారం నాష్తా అయ్యాక దస్తర్‌ఖాన్ దగ్గర. “అబ్బా, పడిపోతే ఆపరేషన్ చేయించమంటారా? గొంతులో గొట్టం కావాలంటారా? ఎవరి మాట వినమంటారు?” అంతే. కువైట్ కొడుకు కూడా ఆ రోజు వీడియో కాల్‌లో ఉండాలి, అతని చెవులతో అతనే వినాలి. రోజూ వేసుకునే మాత్రల పట్టీలు, పాత ఈసీజీ, ఆధార్, కార్డు ఒక సంచిలో పెట్టి తలుపు వెనక మేకుకి తగిలించండి. 108 వచ్చినప్పుడు ఆ సంచి కూడా ఎక్కాలి.

కేరళలో మలప్పురం జిల్లాలో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి ఊరి వాలంటీర్లే నర్సుతో కలిసి వెళ్తారు, పుండ్లు కడుగుతారు, నొప్పి మందు అందేలా చూస్తారు. ముస్లిములు ఎక్కువ ఉన్న జిల్లా అది, చందాలు ఊరి జనానివే. తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల్లో నొప్పి తగ్గించే పాలియేటివ్ కేంద్రాలు ఉన్నాయి. వాటి వాకిలి మన మహల్లాలో ఎంతమందికి తెలుసు? మన మసీదు కమిటీల దగ్గర గుస్ల్ తఖ్తా ఉంది, జనాజా ఉంది, ఖబర్ తవ్వేవాడి ఫోన్ నంబరు గోడ మీద రాసి ఉంది. వచ్చే నెల చందాలో ఒక చక్రాల కుర్చీ, ఒక స్ట్రెచర్ కొని ఆ తఖ్తా పక్కనే పెట్టండి. రాత్రి రెండింటికి కారు తీయగల కుర్రాళ్ళ నంబర్లు ముగ్గురివి ఆ గోడ మీదే, ఖబర్ నంబరుకి పైన రాయించండి.